కాడ్మియం టాబ్లెట్ ఎందుకు ఉండదు?



పోయిన నెల పదో తరగతిలో ఆవర్తన పట్టిక చెబుతున్నాను. ఒకే గ్రూపులో, అంటే ఒకే నిలువు వరుసలో ఉన్న మూలకాలు దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయని చెప్పి, 12వ గ్రూపును ఉదాహరణగా బోర్డు మీద రాశాను. పైన జింక్, దాని కింద కాడ్మియం, ఆ కింద పాదరసం. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"మేడమ్, మా తమ్ముడికి విరేచనాలైతే డాక్టర్ గారు జింక్ టాబ్లెట్లు రాశారు. కాడ్మియం కూడా జింక్ లాంటిదే అంటున్నారు కదా. మరి కాడ్మియం టాబ్లెట్ ఎందుకు ఉండదు?"

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం వెంటనే సరైన జవాబు తోచలేదు. "అది విషం కాబట్టి" అనేస్తే ఆ పూటకి సరిపోయేది. కానీ జింక్‌లాంటిదే అయినప్పుడు అది విషం ఎందుకైంది? రేపు చెబుతానని చెప్పి, ఆ రాత్రి చదువుతూ కూర్చున్నాను. మర్నాడు పీరియడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకే పోయింది. ఆ పాఠాన్నే ఈ నెల మీతో పంచుకుంటున్నాను. ఎందుకంటే ఆ జవాబు జపాన్ దాకా వెళ్లి, తిరిగి మన వంటింట్లో, ముఖ్యంగా మన ఆడపిల్లల కంచం దగ్గర ఆగింది.

ముందుగా చిన్న పరిచయం

కాడ్మియం గుర్తు సీడీ, పరమాణు సంఖ్య 48. వెండిలా మెరిసే మెత్తని లోహం. 1817లో జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రీడ్రిక్ స్ట్రోమేయర్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టారు. ఆయన పరీక్షిస్తున్నది జింక్ కార్బొనేట్‌ని. వేడి చేస్తే తెల్లగా ఉండాల్సిన పదార్థం పచ్చగా మారింది. ఇనుము కలిసిందేమో అని చూస్తే ఇనుము లేదు. ఇంకేదో ఉందని వెతికితే ఈ కొత్త లోహం దొరికింది. అంటే పుట్టినప్పటి నుంచీ కాడ్మియం జింక్ చాటునే ఉంది. ఈనాటికీ దీనికోసం ప్రత్యేకంగా గనులు తవ్వరు. జింక్ ఖనిజాన్ని శుద్ధి చేసేటప్పుడు పక్క ఉత్పత్తిగా వస్తుంది.

రీచార్జి చేసే నికెల్-కాడ్మియం బ్యాటరీలు, పసుపు, నారింజ, ఎరుపు రంగులు, తుప్పు పట్టకుండా వేసే పూతలు దీని ముఖ్యమైన ఉపయోగాలు.

మీకు ముందే తెలిసిన పేరు: కేడీఎం

కాడ్మియం గురించి ఎప్పుడూ వినలేదు అనుకునే అమ్మలకు ఒక మాట. "కేడీఎం బంగారం" అని వినే ఉంటారు. ఆ కేడీఎంలో ఉన్నది కాడ్మియమే.

నగలో ముక్కలను అతకడానికి టంకం కావాలి. టంకం బంగారం కంటే తక్కువ వేడికే కరగాలి. పాత పద్ధతిలో రాగి, వెండి ఎక్కువ కలిపిన టంకం వాడేవారు. ఆ నగను మళ్లీ కరిగిస్తే బంగారం స్వచ్ఛత తగ్గేది. అందుకని 92 పాళ్ల బంగారంలో 8 పాళ్లు కాడ్మియం కలిపి టంకం చేయడం మొదలుపెట్టారు.

ఇక్కడ పిల్లలను ఒక లెక్క అడిగాను. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కాడ్మియం 321 డిగ్రీలకే కరిగి, 767 డిగ్రీలకు ఆవిరవుతుంది. టంకం పెట్టే మంటలో కాడ్మియం ఏమవుతుంది? "ఆవిరైపోతుంది మేడమ్" అన్నారు. అవును, అందుకే నగ స్వచ్ఛత తగ్గదు. మరి ఆ ఆవిరి ఎక్కడికి పోయింది? ఎదురుగా కూర్చుని పనిచేస్తున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

నగ పెట్టుకున్న మనకేమీ కాలేదు. నష్టమంతా స్వర్ణకారులకే. అందుకే కేడీఎం పద్ధతిని పక్కనపెట్టి, జింక్ వంటి ఇతర లోహాలు కలిపిన టంకాలకు మారారు. పాత కేడీఎం నగ ఇంట్లో ఉంటే భయపడాల్సిన పనిలేదు. కొత్తది కొనేటప్పుడు మాత్రం కేడీఎం అన్న మాటను కాకుండా బీఐఎస్ హాల్‌మార్క్‌ను, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలను ఈ నంబరుతోనే అమ్మాలి.

జింజూ నది ఒడ్డున ఏం జరిగింది?

ఊపిరితో లోపలికి వెళ్తే ఒక రకం. మరి అన్నంతో వెళ్తే? దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ జపాన్‌లోని తొయామా ప్రాంతం. మనలాగే వరి పండించి, మూడు పూటలా అన్నం తినే ప్రాంతం.

అక్కడ జింజూ అనే నది పారుతుంది. ఎగువన కొండల్లో కామియోకా గని ఉంది. సీసం, జింక్, వెండి తవ్వేవారు. జింక్ ఖనిజంతో పాటు వచ్చిన కాడ్మియం, గని వ్యర్థాలతో కలిసి నదిలోకి చేరింది. దిగువన రైతులు ఆ నీళ్లే పొలాలకు పెట్టుకున్నారు, ఆ నీళ్లే తాగారు, ఆ నదిలో చేపలే పట్టుకున్నారు.

ఏళ్లు గడిచాక ఒక వింత జబ్బు బయటపడింది. జబ్బుపడ్డవారిలో ఎక్కువమంది మధ్యవయసు దాటిన రైతు కుటుంబాల ఆడవాళ్లు, చాలామంది పిల్లల్ని కన్న తల్లులు. మొదట నడుములో, తొడల్లో నొప్పి. తర్వాత బాతులా ఊగుతూ నడక. ఆపైన మంచం. ఎముకలు ఎంత మెత్తబడ్డాయంటే గట్టిగా దగ్గినా విరిగేవి. మనిషి ఎత్తు కూడా తగ్గిపోయేది. నొప్పికి వాళ్లు "ఇతాయ్, ఇతాయ్" అని అరిచేవారు. జపనీస్‌లో ఆ మాటకు అర్థం "నొప్పి" అనే. అదే జబ్బు పేరుగా మిగిలింది: ఇతాయ్-ఇతాయ్.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన నొబోరు హగినో అనే డాక్టర్ ఆ ప్రాంతంలోనే తమ కుటుంబ ఆసుపత్రిలో ఈ తల్లులకు వైద్యం చేసేవారు. పోషకాహార లోపమని, అధిక శ్రమ అని, అంటువ్యాధి అని రకరకాల ఊహలు ఉండేవి. హగినో ఒక సాదా పని చేశారు. రోగుల ఇళ్లను మ్యాపు మీద గుర్తుపెట్టారు. ఆ చుక్కలన్నీ జింజూ నీళ్లు పారే పొలాల చుట్టూనే పడ్డాయి. పక్క నదుల నీళ్లు వాడే ఊళ్లలో జబ్బు లేదు. 1957లో ఆయన గని వ్యర్థాలే కారణమని చెప్పారు. ఊళ్లో అందరూ సంతోషించలేదు. మన బియ్యం ఎవరూ కొనరేమో, మన ఊరికి పిల్లనెవరూ ఇవ్వరేమో అని భయపడ్డారు.

తర్వాత యోషియోకా, జున్ కొబయాషి అనే శాస్త్రవేత్తలు ఆయనతో కలిశారు. నీళ్లలో, బియ్యంలో, చనిపోయినవారి ఎముకల్లో కాడ్మియం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 1968లో జపాన్ ప్రభుత్వం దీన్ని అధికారికంగా ఒప్పుకుంది. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఆ దేశం గుర్తించిన మొదటిది ఇదే. అదే ఏడాది బాధితులు కోర్టుకెళ్లారు. 1971లో కింది కోర్టులో, 1972లో పై కోర్టులో గెలిచారు. పరిహారంతో పాటు, గనిలోకి వెళ్లి తనిఖీ చేసే హక్కు కూడా సంపాదించుకున్నారు.

పొలాల సంగతి చూడండి. పాడైన పైమట్టిని పూడ్చి, మీద మంచి మట్టి పరిచే పని 1979లో మొదలైంది. సుమారు 860 హెక్టార్లు, అంటే 2,100 ఎకరాలకు పైగా. ఆ పని 2012లో పూర్తయింది. ఒక నేలను బాగుచేయడానికి 33 ఏళ్లు!

శరీరం ఎలా మోసపోతుంది?

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. మన శరీరానికి జింక్, ఇనుము, కాల్షియం కావాలి. వాటిని లోపలికి తీసుకోవడానికి పేగుల్లోని కణాలకు ప్రత్యేకమైన ద్వారాలు ఉంటాయి. కాడ్మియం అయానుకు ఆవేశం జింక్‌లాగే రెండు ప్లస్. పరిమాణంలో కాల్షియం అయానుకు దగ్గరగా ఉంటుంది. స్కూల్ గేటు దగ్గర మన యూనిఫాం వేసుకుని వచ్చిన బయటి పిల్లాడిని వాచ్‌మన్ ఆపుతాడా? కాడ్మియం సరిగ్గా అలాగే లోపలికి వస్తుంది. వచ్చాక జింక్ కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంటుంది. కుర్చీలో కూర్చోగలదు గానీ, మన శరీరంలో జింక్ చేసే పని చేయలేదు.

అంటే, జింక్‌లాగా ఉండటమే దాని ప్రమాదం. పూర్తిగా వేరుగా ఉంటే శరీరం దాన్ని గేటు దగ్గరే ఆపేసేది.

శరీరం చేతులు కట్టుకుని కూర్చోదు. కాలేయం మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీన్‌ను తయారుచేసి కాడ్మియాన్ని పట్టి బంధిస్తుంది. ఈ ప్రొటీన్‌ను 1957లో మార్గోషెస్, వాలీ అనే శాస్త్రవేత్తలు గుర్రం మూత్రపిండంలో కనుగొన్నారు. వాళ్లకు అది దొరికింది కూడా కాడ్మియాన్ని పట్టుకుని ఉండగానే. కానీ ఈ బందీ చివరికి మూత్రపిండాలకే చేరుతుంది. అక్కడ ప్రొటీన్ విరిగిపోయి, కాడ్మియం మళ్లీ విడుదలవుతుంది. దాన్ని బయటికి పంపే మంచి మార్గం శరీరానికి లేదు. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. పదేళ్ల వయసులో చేరింది ముప్పై ఏళ్లు దాటాక కూడా సగం మిగిలి ఉండవచ్చు.

మూత్రపిండాల్లోని సన్నని నాళాలు దెబ్బతింటే, శరీరానికి తిరిగి రావాల్సిన కాల్షియం, ఫాస్ఫేట్ మూత్రంలో పోతాయి. విటమిన్ డీని పనిచేసే రూపానికి మార్చేది కూడా మూత్రపిండాలే. ఆ పనీ కుంటుపడుతుంది. అప్పుడు ఎముక మెత్తబడుతుంది. జింజూ తల్లుల నొప్పి ఎముకల్లో ఉన్నా, దెబ్బ మొదట తగిలింది మూత్రపిండాలకు. ఇది కాక, కాడ్మియం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1993లోనే మొదటి గ్రూపులో చేర్చింది.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ?

ఈ ప్రశ్న కూడా క్లాసులోనే వచ్చింది. అదే నీళ్లు, అదే అన్నం మగవాళ్లూ తిన్నారు కదా?

జవాబులో పెద్ద భాగం ఇనుముది. మామూలుగా తిండిలోని కాడ్మియంలో 3 నుంచి 5 శాతమే పేగుల ద్వారా లోపలికి వెళ్తుంది. శరీరంలో ఇనుము నిల్వలు తగ్గితే, ఇనుమును ఎలాగైనా పట్టుకోవాలని పేగులు ఆ ద్వారాలను పెంచుతాయి. వాటిలోంచే కాడ్మియం కూడా దూరుతుంది. అప్పుడు లోపలికి వెళ్లేది రెట్టింపు, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చు. నెలసరి, వరసగా కాన్పులు, పాలివ్వడం వల్ల ఆ తల్లుల్లో ఇనుము, కాల్షియం రెండూ తరిగిపోయాయి.

ఇది మన దగ్గరికి వచ్చే చోటు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత అంటే నీరసం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం అని మనకు తెలుసు. దానితో పాటు, అనవసరమైన లోహాలకు తలుపులు తెరిచి ఉంచడం కూడా అని ఈ పరిశోధనలు చెబుతున్నాయి. "లావైపోతాను" అని టిఫిన్ మానేసే తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలను నేను రోజూ చూస్తున్నాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాళ్లే.

వరి, పొగాకు, ఒక సముద్ర జీవి

వరి మొక్క కూడా మనలాగే మోసపోతుంది. మాంగనీస్ కోసం వేళ్లలో ఉన్న ద్వారం గుండా కాడ్మియాన్ని పీల్చుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు కొషిహికారి అనే తమ మేలురకం వరిలో ఆ ద్వారాన్ని పాడుచేసే ఉత్పరివర్తనాన్ని సాధించి, గింజలో కాడ్మియం దాదాపు లేని రకాన్ని 2012లో ప్రకటించారు. నీటి యాజమాన్యం కూడా పనిచేస్తుంది. నీళ్లు నిలిచిన మడిలో కాడ్మియం గంధకంతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. వేరు దాన్ని పీల్చుకోలేదు. ఎండిన మడిలో మళ్లీ కరుగుతుంది. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ఈ సంగతి బాగా నచ్చింది.

పొగాకు మొక్క కాడ్మియాన్ని ఆకుల్లో దాచుకుంటుంది. ఒక సిగరెట్‌లో ఒకటి రెండు మైక్రోగ్రాములు ఉంటుంది. పేగుల కంటే ఊపిరితిత్తులు దాన్ని చాలా ఎక్కువగా లోపలికి తీసుకుంటాయి. అందుకే పొగతాగేవారి రక్తంలో కాడ్మియం, తాగనివారి కంటే నాలుగైదు రెట్లు ఉంటుంది.

ఇక అసలు ఆశ్చర్యం. సముద్రంలో తేలే డయాటమ్ అనే సూక్ష్మజీవుల్లో ఒకటి కాడ్మియాన్ని నిజంగానే ఉపయోగించుకుంటుంది. సముద్రపు పై నీళ్లలో జింక్ చాలా తక్కువ. జింక్ దొరకనప్పుడు ఆ జీవి కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకునే ఎంజైములో కాడ్మియాన్ని పెట్టుకుంటుంది. దీన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2000లో ప్రకటించారు. అంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్న నవ్వాల్సింది కాదు. కాడ్మియం "టాబ్లెట్" పనికొచ్చే జీవి ఒకటి ఉంది. అది మనం కాదు, అంతే.

ఇంట్లో మనం చేయగలిగినవి

ఇది చదివి అన్నం మానేయాల్సిన పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓ నిపుణుల సంఘం 2010లో ఒక పరిమితి చెప్పింది: నెలకు ప్రతి కిలో శరీర బరువుకు 25 మైక్రోగ్రాములు. 20 కిలోల పిల్లకు నెలకు అర మిల్లీగ్రాము. అంటే ఒక ఆవగింజ బరువు కంటే తక్కువ. అన్నం మంచి ఆహారమే. దాని చుట్టూ ఉండాల్సినవి ఉండాలి.

1. ఇనుము ఉన్న తిండి రోజూ పెట్టండి. మునగాకు, తోటకూర, రాగులు, పప్పులు, తినేవాళ్లయితే గుడ్డు, మాంసం, కాలేయం. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనంతో పాటు టీ వద్దు.

2. కాల్షియం, జింక్ కోసం పాలు, పెరుగు, నువ్వులు, వేరుసెనగలు, శనగలు. లంచ్ బాక్సులో ఒక నువ్వుల ఉండ పెద్ద పని కాదు.

3. అమ్మాయి తరచూ అలసిపోతుంటే, పాలిపోయినట్టు ఉంటే డాక్టర్ సలహాతో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి.

4. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో కొన్న చవక లోహపు గొలుసులు, లాకెట్లు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. 2010లో అమెరికాలో పిల్లల చవక నగల్లో కాడ్మియం భారీగా బయటపడింది. బొమ్మలకు ఐఎస్ఐ మార్కు చూడండి. మన దేశంలో 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

5. పాత ఎమర్జెన్సీ లైట్లు, కార్డ్‌లెస్ ఫోన్లలోని బ్యాటరీలను పగలగొట్టకండి, చెత్తతో కలిపి కాల్చకండి. విడిగా ఉంచి, ఈ-వేస్ట్ సేకరించేవారికి ఇవ్వండి.

6. నాన్నలకు ఒక విన్నపం. పిల్లల ముందు సిగరెట్ వద్దు. వీలైతే పూర్తిగా వద్దు.

పిల్లలతో కూర్చుని మాట్లాడండి

ఈ ఆదివారం మీ పిల్లల్ని ఇవి అడగండి. జవాబులన్నీ పైన ఉన్నాయి. తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా సరే.

ఒకటి: కేడీఎం టంకంలోని కాడ్మియం నగలో ఎందుకు మిగలదు?

రెండు: డాక్టర్ హగినో మ్యాపు ఎందుకు గీశారు? దాంతో ఏం తెలిసింది?

మూడు: మూత్రపిండం చెడితే ఎముక ఎందుకు మెత్తబడుతుంది?

నాలుగు: ఇనుము తక్కువైన శరీరంలోకి కాడ్మియం ఎక్కువగా ఎందుకు వెళ్తుంది?

ఐదు: మన ఇంట్లో పాత బ్యాటరీలు ఎక్కడున్నాయి? వెతికి ఒక డబ్బాలో పెట్టండి.

పాఠం అయ్యాక ఆ అమ్మాయిని లేపి, "ఇప్పుడు నీ ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: "జింక్‌లాగా ఉంటుంది కాబట్టి లోపలికి వస్తుంది మేడమ్. జింక్ కాదు కాబట్టి పనిచేయదు. మళ్లీ బయటికి పోదు." పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నేను ఇంతకంటే బాగా రాయలేను.

మీ పిల్లలు ఇంట్లో ఇలాంటి ప్రశ్నలు అడిగితే దయచేసి నవ్వకండి. జవాబు తెలియకపోతే ఒక కాగితం మీద రాసి స్కూల్ డైరీలో పెట్టి పంపండి. నాకూ తెలియకపోతే, ఇద్దరం కలిసి వెతుకుతాం.